ఫోటోలో లేని కోచ్

2025 నవంబర్ 2, ఆదివారం. నవీ ముంబైలో వాన పడి మ్యాచ్ ఆలస్యంగా మొదలైంది. మునగాలలో మా ఇంట్లో అమ్మా నాన్నా ఎప్పుడో పడుకున్నారు. నేను మాత్రం ఫోన్‌కి చార్జర్ పెట్టి, సౌండ్ తగ్గించి, మహిళల వరల్డ్ కప్ ఫైనల్ చూస్తూ కూర్చున్నా. అర్ధరాత్రి వేళ మనవాళ్లు సౌతాఫ్రికా మీద 52 పరుగులతో గెలిచారు.

గెలుపు కన్నా ఆ తర్వాత జరిగిందే నాకు బాగా గుర్తుండిపోయింది. అమ్మాయిలు కప్పు తీసుకెళ్లి మిథాలీ రాజ్, జులన్ గోస్వామి, అంజుమ్ చోప్రాల చేతుల్లో పెట్టారు. ఎప్పుడో రిటైరైన వాళ్లు ఆ కప్పు పట్టుకుని నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చేసింది. వెంటనే ఇంకో పేరు గుర్తొచ్చింది. పూర్ణిమా రావు.

మీలో చాలామందికి ఈ పేరు తెలిసి ఉండకపోవచ్చు. రెండేళ్ల కిందటి వరకు నాకూ తెలియదు.

అప్పట్లో ఆఫీసులో నాకో దెబ్బ తగిలింది. పది నెలలు కూర్చుని ఒక పేమెంట్ మాడ్యూల్ కట్టాం. ఇద్దరు ఫ్రెషర్స్‌కి కోడ్ చదవడం దగ్గర్నుంచి నేనే నేర్పించా. లైవ్‌కి మూడు వారాల ముందు నన్ను వేరే ప్రాజెక్టుకి మార్చారు. కారణం అడిగితే సరైన జవాబు రాలేదు. లైవ్ అయిన రోజు థ్యాంక్స్ మెయిల్ వచ్చింది. అందులో ఏడు పేర్లున్నాయి, నా పేరు లేదు. నేను నేర్పించిన ఇద్దరి పేర్లూ ఉన్నాయి. వాళ్లు కూడా ఒక్క మెసేజ్ పెట్టలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్ తిప్పుతుంటే 2017 వరల్డ్ కప్ గురించి ఏదో కనిపించింది. అక్కడి నుంచి పూర్ణిమా రావు దగ్గరికి చేరా.

ఆమె మన సికింద్రాబాద్‌లో పుట్టారు. ఇండియాకి 5 టెస్టులు, 33 వన్డేలు ఆడారు. ఆఫ్ స్పిన్ వేసేవారు, బ్యాటింగూ చేసేవారు. 1995లో న్యూజిలాండ్‌లో జరిగిన మూడు దేశాల టోర్నీని మన జట్టు గెలిచింది ఆమె కెప్టెన్సీలోనే. ఆట మానేశాక కోచింగ్‌లోకి వచ్చి, చివరికి ఇండియా జట్టు కోచ్ అయ్యారు.

ఆమె చేతిలో జట్టు ఎలా మారిందో చూడండి. 2016 జనవరిలో ఆస్ట్రేలియా వెళ్లి, వాళ్ల సొంతగడ్డ మీద టీ20 సిరీస్‌ని 2-1తో గెలిచారు. అదే ఏడాది డిసెంబర్‌లో బ్యాంకాక్‌లో ఫైనల్లో పాకిస్తాన్‌ని ఓడించి ఆసియా కప్ తెచ్చారు. 2017 ఫిబ్రవరిలో కొలంబోలో వరల్డ్ కప్ క్వాలిఫయర్ ఫైనల్. సౌతాఫ్రికా మీద చివరి రెండు బంతులకి 8 పరుగులు కావాలి, చేతిలో ఉన్నది ఒక్క వికెట్. హర్మన్‌ప్రీత్ ఒక సిక్స్ కొట్టింది, తర్వాతి బంతికి రెండు పరుగులు తీసింది. గెలిచాం.

ఆ ఏప్రిల్‌లోనే పూర్ణిమని తప్పించి తుషార్ అరోథేని కోచ్‌గా పెట్టారు. వరల్డ్ కప్‌కి మిగిలింది రెండు నెలలే.

మిగతాది మీకు తెలిసిన కథే. సెమీస్‌లో ఆస్ట్రేలియా మీద హర్మన్‌ప్రీత్ 171 నాటౌట్. జులై 23న లార్డ్స్‌లో ఫైనల్, ఇంగ్లండ్ చేతిలో 9 పరుగుల తేడాతో ఓటమి. మన దేశంలో జనం మహిళల క్రికెట్ వైపు నిజంగా తిరిగి చూసింది ఆ టోర్నీతోనే. ఆ నెల రోజులు డ్రెస్సింగ్ రూమ్‌లో పూర్ణిమ లేరు.

ఆమె ఉంటే కప్పు గెలిచేవాళ్లమని నేననట్లేదు. అరోథే గారి జట్టు కూడా ప్రాణం పెట్టి ఆడింది. కానీ అక్కడిదాకా నడిపించిన మనిషి ఆ రోజు ఎక్కడ కూర్చుని మ్యాచ్ చూశారో, చూశారో లేదో కూడా, అని ఆలోచించా. మెయిల్‌లో లేని నా పేరు గుర్తొచ్చింది. ఆమె కూడా నాలాగే అనుకున్నా. నా మీద నాకే బోలెడు జాలి వేసింది.

వరల్డ్ కప్ గెలిచిన ఈ రాత్రి మాత్రం ఆలోచన ఇంకోవైపు తిరిగింది. హర్మన్‌ప్రీత్ వాళ్లు కప్పు తీసుకుని పెద్దవాళ్ల దగ్గరికి నడుచుకుంటూ వెళ్లారు కదా. మరి నేను ఎవరి దగ్గరికైనా వెళ్లానా?

తొమ్మిదో తరగతిలో మా పీఈటీ మేడమ్ మాకు ఖోఖో నేర్పింది. అప్పుడు మాది ఇంకా నల్గొండ జిల్లానే. పొద్దున ఆరింటికల్లా వచ్చి, తనే ముగ్గుపిండితో గీతలు వేసేది. పోల్ దగ్గర ఎలా తిరగాలో, డైవ్ కొట్టేటప్పుడు మోకాలు ఎలా కాపాడుకోవాలో ఎర్రమట్టిలో తనే పడి చూపించేది. "ఆడపిల్లలు ట్రాక్ ప్యాంటులేసుకుని ఊళ్లు తిరగడమేంది" అన్నవాళ్ల ఇళ్లకి సాయంత్రం వెళ్లి, చాయ్ తాగి, ఒప్పించేది. మా నాన్నని ఒప్పించడానికి మూడుసార్లు వచ్చింది.

దసరా సెలవులయ్యి వెళ్లేసరికి మేడమ్ లేదు. డిప్యుటేషన్ మీద వేరే మండలానికి పంపారు. నెల తర్వాత సూర్యాపేటలో పోటీలు, మేం గెలిచాం. పక్కన లెక్కల సార్ నిలబడితే కప్పుతో ఫోటో దిగాం. మేడమ్‌కి ఎవరం చెప్పలేదు. ఆమె ఫోన్ నంబర్ నా నోట్‌బుక్ అట్ట వెనక రాసే ఉంది.

ఆ ఇద్దరు ఫ్రెషర్స్ మీద రెండేళ్లుగా కోపం పెట్టుకున్నా. నేను చేసింది మాత్రం పద్నాలుగేళ్లుగా గుర్తు రాలేదు.

సోమవారం పొద్దున హైదరాబాద్ బస్సెక్కా. స్కూల్ ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులో అడిగితే, నకిరేకల్ దాటేలోపు మేడమ్ కొత్త నంబర్ వచ్చింది. చేయాలా వద్దా అనుకుంటూ చిట్యాల దాకా వచ్చేశా. చేశా.

పేరు చెప్పగానే గుర్తుపట్టింది. "మంచిగున్నవా బిడ్డా? మోకాలు నొప్పి తగ్గిందా?" అని అడిగింది. నాకు మోకాలు నొప్పి ఉండేదన్న సంగతి నేనే మర్చిపోయా.

"మేడమ్, ఆ ఏడు సూర్యాపేటలో మేం గెలిచాం. మీకు చెప్పలేదు" అన్నా.

"నాకెరికేనే. పేపర్ల జిల్లా పేజీల మీ ఫోటో పడ్డది. కత్తిరించి పెట్టుకున్న. ఇంకా బీరువాలనే ఉంది."

నాకు మాట రాలేదు. ఆ ఫోటో నా దగ్గర లేదు. మా టీమ్‌లో ఎవరి దగ్గరా లేదు.

"ఇప్పుడు ఆడుతున్నవా, ఆఫీసుల కూసునే ఉంటున్నవా?" అంది మేడమ్.

కూర్చునే ఉంటున్నా మేడమ్ అని చెప్పా. తిట్టింది. చౌటుప్పల్ వచ్చేదాకా తిడుతూనే ఉంది.