ఇజాజత్

"ఆపా, కసమ్, నేను చేయలేదు" అన్నాడు మా ఖాలా కొడుకు. వాడు చేయలేదని నా దిల్‌కి తెలుసు. సబూత్ మాత్రం లేదు. లేకుండా చేసింది నేనే.

ఆత్రేయపురంలో ఒక పూతరేకుల దుకాణంలో ఆర్డర్లు, షికాయతులు చూసే పని నాది. కస్టమర్లు వాట్సాప్‌లో, మెయిల్‌లో రాసేవన్నీ ఒకచోట చేర్చే సాఫ్ట్‌వేర్ ఉంది. దానికి మనిషికి ఇంతని నెలనెలా కిరాయి. డబ్బు మిగులుతుందని ఐదుగురికీ ఒకటే లాగిన్ చాలన్నది నేను. అదీ అడ్మిన్ లాగిన్. పాస్‌వర్డ్ కేలెండర్ వెనక రాసి ఉండేది.

పోయిన రంజాన్ అయ్యాక ఒకావిడ ఫోన్ చేసింది. "మీ దగ్గర కొన్న దగ్గర్నుంచీ ఎవరో ఫోన్ చేసి సగం ధరకే ఇస్తామంటున్నారండీ." తర్వాత ఇంకో ముగ్గురిదీ అదే మాట. మా కస్టమర్ల జాబితా బయటికి పోయింది. మాలిక్ షక్ అంతా ప్యాకింగ్‌లో ఉన్న మావాడి మీదే. కొత్తవాడు, గరీబు ఇంటివాడు.

రికార్డు తీసి చూశాను. జాబితా డౌన్‌లోడ్ చేసిన తారీఖుంది, టైముంది. ఎవరు చేశారన్న చోట 'అడ్మిన్' అనే ఉంది. ఆ అడ్మిన్ వాడు కావచ్చు, నేను కావచ్చు, మూడు నెలల కిందట పని మానేసిన మనిషి కావచ్చు. పాస్‌వర్డ్ మార్చిందెవరు గనక! మర్నాటి నుంచి వాడు పనికి రాలేదు.

అమ్మీ ఇరవై ఏళ్లుగా రేకులు తీస్తోంది. బోర్లించిన కుండ ముందు ఆమె ఒక్కతే కూర్చుంటుంది. చుట్టేవాళ్లు వేరు, నెయ్యి రాసేవాళ్లు వేరు. రేకు చిరిగితే ఎవరి చేతిలో చిరిగిందో అందరికీ తెలుసు. అందుకే అక్కడ ఎవరి మీదా ఉత్తినే ఇల్జామ్ పడదు. నా కంప్యూటర్‌లోనే ఆ పద్ధతి లేదు.

మాలిక్‌ని ఒప్పించి ఐదు లాగిన్లు తీశాను. ఏజెంట్ తనకొచ్చిన షికాయతులే చూస్తాడు. డబ్బు వాపస్ ఇచ్చే ఇఖ్తియార్ సూపర్‌వైజర్‌ది. జాబితా డౌన్‌లోడ్ చేయడం, రికార్డు చెరిపేయడం అడ్మిన్ ఒక్కరికే. ప్యాకింగ్‌కి ఏ డబ్బాలో బెల్లంవి, ఏ డబ్బాలో పంచదారవి అన్నది కనబడితే చాలు, ఫోన్ నంబర్లు అక్కర్లేదు. పని మానేసిన రోజే లాగిన్ బంద్.

2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన ఊరి పేరు ఎవరు పడితే వాళ్లు వాడుకోకూడదని సంబరపడ్డాం. జనం సొంత వివరాల్ని కాపాడమనే డేటా రక్షణ చట్టాన్ని పార్లమెంటు చేసిందీ ఆ ఏడాదే. అది మాత్రం మాకు పట్టలేదు. డబ్బా మిఠాయి కోసం ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు ఇచ్చినవాళ్లు మా దగ్గర అమానత్ ఉంచినట్టే కదా.

ఖాలా ఇంటికెళ్లి మాఫీ అడిగాను. మాలిక్ రమ్మన్నాడని చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఇప్పుడు నాకేమేం కనబడవు ఆపా?" అన్నాడు.

ఒక్కొక్కటే చెప్పాను. "జాబితా కూడా కనబడదా?"

"కనబడదు."

"అయితే వస్తా" అన్నాడు.