కొలోన్ నుండి సివిల్ లైన్స్ వరకు

1951 నాటి ఢిల్లీ శరణార్థుల నగరం. దేశవిభజన వల్ల పశ్చిమ పంజాబు తదితర ప్రాంతాల నుండి తరలివచ్చిన సుమారు 5 లక్షల మందితో నగర జనాభా ఒక్క దశాబ్దంలో ఇంచుమించు రెట్టింపయింది. ఆ ఏడాదే, పార్సీ వాస్తుశిల్పి సైరస్ ఝాబ్‌వాలాను వివాహమాడిన ఇరవై నాలుగేళ్ల యువతి లండన్ నుండి ఇక్కడికి కాపురానికి వచ్చారు. ఇరుగుపొరుగువారి కంటికి ఆమె ఒక దొరసాని. తమలాగే ఇల్లు విడిచి ప్రాణాలతో బయటపడిన మనిషి అని వారికి తోచి ఉండదు.

రూత్ ప్రావర్ 1927 మే 7న జర్మనీలోని కొలోన్ నగరంలో జన్మించారు. తండ్రి మార్కస్ పోలండు నుండి వచ్చి స్థిరపడిన న్యాయవాది. మాతామహులు నగరంలోని పెద్ద యూదు ప్రార్థనామందిరంలో ప్రార్థనాగీతాలు ఆలపించే ఆచార్యులు. బాలికకు ఆరేళ్లు నిండకముందే, 1933 జనవరిలో, హిట్లర్ అధికారానికి వచ్చాడు. 1938 జూలైలో ఎవియాన్ పట్టణంలో 32 దేశాల ప్రతినిధులు సమావేశమై శరణార్థుల పట్ల సానుభూతి ప్రకటించారు. తలుపులు తెరవడానికి మాత్రం దాదాపు ఎవరూ ముందుకు రాలేదు. తీర్మానం రాయడం కంటే ప్రవేశపత్రంపై ముద్ర వేయడం కష్టమన్నది పరిపాలనా చరిత్ర చదివినవారికి కొత్త విషయం కాదు. ఆ నవంబరు 9, 10 తేదీలలో జర్మనీ అంతటా యూదుల ప్రార్థనామందిరాలు తగులబడ్డాయి.

1939 ఏప్రిల్‌లో ప్రావర్ కుటుంబానికి బ్రిటన్ దారి దొరికింది. తల్లిదండ్రులను వదిలి ఒంటరిగా రైళ్లెక్కి ఆ దేశం చేరిన సుమారు 10 వేల మంది పిల్లలతో పోలిస్తే రూత్ అదృష్టవంతురాలే. అమ్మ, నాన్న, అన్న సీగ్‌బర్ట్ వెంట ఉన్నారు. వెంట రానిది భాష. జర్మన్‌లో రాతలు మొదలుపెట్టిన ఆ పిల్ల అచిరకాలంలోనే ఇంగ్లీషులోకి మారిపోయింది.

1948లో ఆమెకు బ్రిటిష్ పౌరసత్వం లభించింది. ఆ సంవత్సరమే తండ్రి ఆత్మహత్య చేసుకున్నారు. ఐరోపాలో మిగిలిపోయిన తన బంధువులలో నలభై మంది హతులైన సంగతి ఆయనకు తెలియవచ్చింది.

సివిల్ లైన్స్‌లోని ఫ్లాగ్‌స్టాఫ్ రోడ్డు ఇంట్లో రూత్ ముగ్గురు కుమార్తెలను పెంచారు. ఇంగ్లీషులో నవలలు రాశారు. 1955లో వెలువడిన తొలి నవల 'టు హూమ్ షి విల్', 1960 నాటి 'ది హౌస్‌హోల్డర్' ఢిల్లీ మధ్యతరగతి ఇళ్లలోని పెళ్లిమాటలను, ఇరుకు గదులను, మాటపట్టింపులను చిరునవ్వుతో చూపిస్తాయి. ఆ నవ్వు మన విమర్శకులలో కొందరికి రుచించలేదు. ఆమెది పరాయి చూపు అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఈ దేశంపై మొదట అమితమైన మోజు, పిదప సందేహం, ఆపై విముఖత, మళ్లీ మోజు. ఇలా చక్రంలా తిరుగుతూ ఉంటానని 'మైసెల్ఫ్ ఇన్ ఇండియా' అనే వ్యాసంలో ఆమే చెప్పుకున్నారు. అయితే విమర్శకులు ఆమెను ఇంగ్లండు మనిషిగా లెక్కగట్టారు. పన్నెండేళ్లు నిండకముందే ఊరినీ భాషనూ పోగొట్టుకున్న వారికి ఇంగ్లండు మాత్రం ఎంత సొంతం?

1975లో 'హీట్ అండ్ డస్ట్' నవలకు బుకర్ బహుమతి వచ్చింది. ఆ ఏడాదే ఆమె న్యూయార్కుకు నివాసం మార్చారు. ఇరవై నాలుగేళ్ల ఢిల్లీతో రాకపోకలు తెగలేదు గాని, కాపురం తిరిగి ఇక్కడ కుదురుకోలేదు. ఢిల్లీలో ఉండగా 'ఎ బర్త్‌డే ఇన్ లండన్' వంటి కథలో కనిపించిన జర్మన్ యూదు శరణార్థులు, 1983 నాటి 'ఇన్ సెర్చ్ ఆఫ్ లవ్ అండ్ బ్యూటీ'లో నవలకు నడిబొడ్డున నిలిచారు. న్యూయార్కులో ఆమెకు తారసపడినవారు అటువంటి మనుషులే. చరిత్ర మరోలా నడిచి ఉంటే కొలోన్‌లో పక్కింట ఉండవలసినవారు.

కొలోన్‌లోనే గడిచిన 1933–39 మధ్య సంవత్సరాలను మాత్రం, 2013 ఏప్రిల్ 3న కన్నుమూసే వరకు, ఆమె ఏ నవలకూ వస్తువు చేయలేదు.