కాశీమజిలీ పుస్తకాలు

మొన్నొక మిత్రుడు ఫోను చేసి, "మాఘమాసంలో అమ్మానాన్నలతో కాశీ వెళ్తున్నాం, ఈలోగా ఏమేం చదవాలో చెప్పండి" అని అడిగాడు. నావంటివాడికి ఇంతకు మించిన పండుగ ఏముంటుంది? ఒక పది పేర్లు ఏకరువు పెట్టబోయి, ఎందుకో ఆగిపోయాను. "ముందు టిక్కెట్లు కొనండి, తరువాత చెబుతాను" అన్నాను. ఆయన నవ్వాడు గాని, నేను పరిహాసానికి అన్న మాట కాదు.

నాన్న 2009లో పోయారు. సంవత్సరీకాలు అయిన మరునాడు అమ్మ, "నన్నొకసారి కాశీ తీసుకువెళ్ళరా" అంది. అమ్మ నన్ను నోరు తెరిచి అడిగినవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. సరేనన్నాను. అయితే కాశీ వంటి ఊరికి ఏమీ తెలియకుండా వెళ్ళడమేమిటి అనుకుని పుస్తకాలు సేకరించడం మొదలుపెట్టాను. ఒక పుస్తకం మరొక పుస్తకాన్ని పిలిచింది. ఆ చలికాలం పోయింది, మరొకటి పోయింది. "ఈ ఒక్కటీ పూర్తికానీ అమ్మా" అంటూ ఉండేవాణ్ణి. ఈలోగా అమ్మ కంటి నడిమిచూపు మసకబారింది. శుక్లాలేమో, కోయించుకుంటే పోతాయి అనుకున్నాం. కాదు, లోపలి పొర పాడయిందన్నారు. అంచుల్లో కనబడుతుంది, ఎదురుగా ఉన్నది కనబడదు. ఎవరి ముఖమైనా చూడాలంటే తన ముఖం పక్కకు తిప్పుకోవాలి. మేము బయలుదేరింది 2015 ఫిబ్రవరిలో.

ఇక పుస్తకాల సంగతి.

అన్నిటికన్న ముందు చెప్పవలసినది ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర. ఆయన చెన్నపట్టణం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. దారి పొడుగునా తాను చూసినదంతా కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి రాసి పంపుతూ వచ్చాడు. ఆయన పోయిన రెండేళ్ళకు, 1838లో, అది అచ్చయింది. తరువాత దిగవల్లి వేంకటశివరావుగారు 1941లో దానిని శ్రద్ధగా పరిష్కరించి మళ్ళీ వెలువరించారు. వచనమంటే సమాసాల మూట అనుకునే కాలంలో, ఈయన ఇంట్లో మాట్లాడినట్టు రాశాడు. ఈ ఊళ్ళో నీళ్ళు మంచివా, దిగడానికి చోటుందా, అంగళ్ళలో ఏం దొరుకుతాయి, దారి రాతిదా రేగడిదా - ఇదీ ఆయన ధోరణి. మొదటిసారి చదివినప్పుడు నాకు కొంచెం విసుగు పుట్టిన మాట దాచను. కవిత్వం ఏది, దర్శనానందం ఏది అనుకున్నాను. నా తెలివితక్కువతనం రైలెక్కాక గాని బయటపడలేదు.

సికింద్రాబాదులో పొద్దున్న పాట్నా బండి ఎక్కాం. అమ్మకు చదివి వినిపిద్దామని వీరాస్వామయ్యను పైసంచిలోనే పెట్టుకున్నాను. హైదరాబాదు నుంచి నాగపూరు, జబల్పూరు, ప్రయాగ, కాశీ: ఆయన నెలల తరబడి పల్లకీలో పోయిన దిక్కునే మా బండి ఒక పగలు, ఒక రాత్రి, మరునాడు ఒక పూట పట్టింది. నేను చదువుతూంటే అమ్మ కిటికీ వైపు ముఖం పెట్టుకుని వింటోంది. మధ్యలో, "అంతమందికి రోజూ వంటెవరు చేసేవారురా? మోసే బోయీలు తిన్నాక ఈయన తినేవాడా, ముందేనా?" అని అడిగింది. నేను ఆ పుస్తకం రెండుసార్లు చదివాను, ఆ ప్రశ్న నాకు తోచలేదు. మళ్ళీ వెనక్కి తిప్పి, బోయీల ప్రస్తావన వచ్చిన చోటల్లా వెతికి చదివాను. నాగపూరు వచ్చేసరికి చీకటిపడింది. "ఇంకా ఎక్కడున్నాడు?" అంది. ఆయన మాకన్న చాలా వెనకబడి ఉన్నాడు.

కాశీమజిలీ కథల పేరెత్తకపోతే అమ్మ ఊరుకోదు. మధిర సుబ్బన్నదీక్షితులుగారి పన్నెండు భాగాలూ అమ్మ పుట్టింట్లో ఉండేవట. కాశీకి పోయే మణిసిద్ధునికి తోడు కావలసి వస్తుంది. దారిలో చూసిన వింతలకెల్లా కథ చెబితేనే వస్తానని గొల్లపిల్లవాడు షరతు పెడతాడు. పన్నెండు భాగాలు చదివినా కాశీని గురించి మనకు తెలిసేది స్వల్పమే. యాత్రికుడికి పనికిరాని పుస్తకమని ఒకప్పుడు నా అభిప్రాయం. ఇప్పుడు అంత గట్టిగా అనలేను.

శ్రీనాథుని కాశీఖండం అయఃపిండమని పెద్దలే అన్నారు, కనుక నేను బెదిరించనక్కరలేదు. రాజమహేంద్రవరపు వీరభద్రారెడ్డికి అంకితమిచ్చిన కావ్యం. అంతా చదివే తీరిక లేనివారు, కాశీ విడిచి దక్షిణాదికి రావలసివచ్చిన అగస్త్యుని దుఃఖం, గుణనిధి కథ, భిక్ష దొరకక వ్యాసుడు కోపించిన ఘట్టం - ఈ మూడూ వ్యాఖ్యానం దగ్గర పెట్టుకుని చదివితే చాలు. ఆకలికి ఆగలేక కాశీనే శపించబోయిన వ్యాసుణ్ణి శివుడు ఊరు వెడలగొడతాడు. గంగకు ఆవలి ఒడ్డున వ్యాసకాశి అని ఇప్పటికీ చూపిస్తారు. శ్రీనాథుడే భీమఖండంలో ఆ వ్యాసుణ్ణి ఏకంగా దాక్షారామానికి తీసుకువచ్చాడు. అమ్మ పుట్టిల్లు ఆ దాక్షారామం పక్క పల్లె. ఈ కథ చెప్పబోతే, "నాకు చెబుతావేవిట్రా? అన్నం దొరక్క మా ఊరొచ్చాడు. మా ఊళ్ళో దొరికింది" అంది, ఆ వంటలో తనకూ చెయ్యి ఉన్నట్టు.

జేమ్స్ ప్రిన్సెప్ బొమ్మలు తప్పక చూడండి. బ్రాహ్మీలిపిని ఛేదించిన ప్రిన్సెప్పే. అంతకుముందు పదేళ్ళు కాశీ టంకసాలలో ఉద్యోగం చేస్తూ ఘట్టాలను, వీధులను గీశాడు. ఆయన కాశీ విడిచి కలకత్తా వెళ్ళిన 1830లోనే మన వీరాస్వామయ్య చెన్నపట్టణంలో పల్లకీ ఎక్కాడు. ఒకరి బొమ్మ పక్కన మరొకరి మాట పెట్టుకుంటే, ఇద్దరూ ఒకే ఊరిని చూశారని తెలుస్తుంది. పంచగంగాఘట్టం మసీదుకు ఆ బొమ్మల్లో ఆకాశమంత మీనార్లున్నాయి, ఇప్పుడు లేవు. అహల్యాబాయి కట్టించిన విశ్వేశ్వరాలయ శిఖరానికి అప్పటికింకా బంగారం లేదు. రంజిత్‌సింగు ఇచ్చిన ఆ బంగారం మరి కొన్నేళ్ళకు వచ్చింది. మేము 2015లో నడిచిన సందులలోనూ గుడి చుట్టుపక్కలవి చాలావరకు ఇప్పుడు లేవు. 2021 డిసెంబరులో ప్రారంభమైన కారిడారు కోసం ఆ ఇళ్ళు తీసేశారు. నడవలేని పెద్దవారికి ఈ కొత్తదారి సుఖమే. అయినా, ఆ సందులో అమ్మ చెయ్యి గోడకు ఆనించుకుని నడిచిన చోటు ఏదో నేనిప్పుడు చూపించలేను.

డయానా ఎక్ 1982లో రాసిన పుస్తకం పురాణాన్నీ ఊరిపటాన్నీ కలిపి చదవడం నేర్పుతుంది. ప్రేమ్‌చంద్ పుట్టింది కాశీ దాపున లమహీలో. సేవాసదనంలో వేశ్యలను ఊరి వెలుపలికి తరిమే పెద్దమనుషుల సభలు చదివాక, ఘట్టాల మెట్లమీది నగరమే కాక మేడల వెనక నగరం కూడా ఒకటి ఉందని మరచిపోలేం. కాశీనాథ్ సింగ్ అస్సీ ఘట్టపు టీకొట్టు కబుర్లు బూతులతో సహా రాశాడు. హిందీ వచ్చినవారు ఒంటరిగా చదువుకోండి, పెద్దల ముందు వద్దు. జోనథన్ పారీ కాశీలోని మరణాన్ని గురించి రాసిన పుస్తకం (1994) గొప్పదే. శ్మశానవృత్తులవారి లెక్కలు, వాటాలు అందులో నిర్మొహమాటంగా ఉంటాయి. మరి, ఇంటిమనిషి పోయి ఎన్నాళ్ళో కాకపోతే తిరిగి వచ్చాకనే చదవడం మేలు.

చెప్పకుండా దాటవేద్దామనుకున్నది ఇంకొకటి ఉంది. బిభూతిభూషణుని పథేర్ పాంచాలి, మద్దిపట్ల సూరిగారి తెలుగు. ఊరు విడిచి కాశీ చేరిన హరిహరుడు ఘట్టం మీద పురాణం చెప్పుకుంటూ, జ్వరంతో అక్కడే పోతాడు. సర్వజయ ఒక కలవారింట వంటకు కుదురుతుంది. (సినిమాలో ఈ భాగం 1956 నాటి అపరాజితోలోకి వెళ్ళింది గాని, నవలలో ఇక్కడే ఉంది.) సంచిలో వేసుకున్నాను గాని, రైల్లో పైకి తీయలేదు. జబల్పూరు దాటి తెల్లవారుతుండగా అమ్మ సంచి తడిమి, "ఇదేం పుస్తకం? దీని ఊసెత్తవేం?" అంది. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "హరిహరుడు పోతాడనా? అది నేను నువ్వు కడుపులో ఉండగానే చదివానురా" అంది. తరువాత, "ఆవిడ వంటపనికి కుదిరింది గదూ" అని మాత్రం అంది. మళ్ళీ వీరాస్వామయ్యనే చదవమంది.

మొగల్‌సరాయిలో దిగి ఆటోలో రాజఘాటు వంతెన మీదికి వచ్చాం. 1887లో డఫరిన్ పేరుతో మొదలై తరువాత మాలవీయ పేరు పొందిన వంతెన. పైన మేము, కింద రైళ్ళు. ఎడమ పక్కన గంగ, వంపు తిరిగిన ఘట్టాల వరస. ఐదేళ్ళు చదివిన మాటలన్నీ ఒక్కసారి నోటికి వచ్చాయి. "నెలవంకలా ఉంటుందమ్మా ఊరు..." అని మొదలుపెట్టాను. అమ్మ నా మాట పూర్తికానివ్వలేదు. "నీళ్ళు మెట్ల దాకా ఉన్నాయా, దిగువకు పోయాయా? పడవలున్నాయా? అవతల ఒడ్డున చెట్లా, ఇసకా?" ఒక్కొక్కటే చెప్పాను. అప్పుడర్థమయింది నాకు, వీరాస్వామయ్య ఎవరి కోసం అలా రాశాడో.

మరునాటి దర్శనంలో తోపులాట. అమ్మ భుజాలు పట్టుకుని లింగం దాకా నడిపించాను. అమ్మ వంగి, ముఖం పూర్తిగా పక్కకు తిప్పుకుంది. అలా అయితేనే కనబడుతుంది. అక్కడున్న పూజారి విసుక్కుని, "మాతాజీ, సామ్నే దేఖో! ఇధర్ దేఖో!" అని అరిచాడు. వెనకనుంచి జనం తోస్తున్నారు. ఆ మనిషికి చెప్పడానికి నాకొచ్చిన హిందీ నోట రాలేదు. అమ్మ అలాగే పక్కకు చూస్తూ నిలబడింది, ఎంతసేపు నిలవనిచ్చారో అంతసేపు.

బయటికి వచ్చాక, కనబడిందా అని అడగలేకపోయాను. అమ్మే చెప్పింది: "పైన బిల్వపత్రం ఒకటి పక్కకు వాలి ఉంది."

సత్రంలో ఆ రాత్రి పుస్తకం తీశాను. వీరాస్వామయ్య కూడా కాశీ చేరాడు. నేను గబగబా చదువుతూంటే అమ్మ ఆపింది. "ఇంకెంత ఉందిరా కాశీ?" పేజీలు చూసి చెప్పాను.

"అయితే రోజుకి కొంచెం చదువు. మనం బయల్దేరేదాకా ఆయన్నీ ఇక్కడే ఉండనీ" అంది.