రెండు సముద్రాల వాగు

ఎవరైనా మంచి కథ అందుకోగానే జేబులోంచి ఫోను తీసి నిజానిజాలు తేల్చేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. కోతలరాయుడి నోటి నుంచి కూడా అప్పుడప్పుడూ నిజం జారిపడుతుందని వీళ్లకెవరు చెప్పాలి?

అమెరికా రాకీ పర్వతాల్లో తిరిగిన జిమ్ బ్రిడ్జర్ అలాంటివాడే. బీవర్ తోళ్ల వేటగాడు, కోతల్లో ఘనాపాఠి. రాయైపోయిన అడవిలో రాయైపోయిన పిట్టలు రాతిపాటలు పాడతాయని చెప్పేవాడట. అలాంటి మనిషి, కొండమీద ఓ వాగు రెండుగా చీలి ఒక పాయ అట్లాంటిక్‌కీ మరొకటి పసిఫిక్‌కీ పోతుందంటే నమ్మేదెవరు? 1860లో అతన్నే దారి చూపించమని వెంటబెట్టుకెళ్లిన కెప్టెన్ రేనాల్డ్స్, మంచు అడ్డంపడి అక్కడిదాకా పోలేకపోయాడు. ఉంటే ఉండొచ్చు అన్నట్టు రాసుకుని ఊరుకున్నాడు.

ఉంది మరి! వయోమింగ్‌లో, యెల్లోస్టోన్ పార్కుకు దక్షిణాన, మోటారు బండిని రానివ్వని టీటన్ అడవుల్లో. నడవాలి, లేదా గుర్రమెక్కాలి. టూ ఓషన్ కనుమ దగ్గర, సుమారు 8,100 అడుగుల ఎత్తున, చెట్ల నీడలో చీలిపోతుంది. అక్కడ చెట్టుకు కొట్టిన పలకమీద లెక్క రాసుంది: అట్లాంటిక్ 3,488 మైళ్లు, పసిఫిక్ 1,353 మైళ్లు. అరేబియా సముద్రానికి దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో పుట్టి కూడా అటు తిరిగి చూడకుండా మనవైపు నడిచొచ్చిన గోదావరి నీళ్లు తాగినవాళ్లం. నదికి దిక్కంటే ఒకటే అనుకుంటాం. ఈ వాగు ఏ దిక్కూ తేల్చుకోనేలేదు.

నాకు మాత్రం నీళ్లకంటే చేపల సంగతే ముఖ్యం. యెల్లోస్టోన్ సరస్సుకు దిగువన 308 అడుగుల జలపాతం. ఏ చేపా ఎక్కలేదు. మరి సరస్సులోకి కట్‌త్రోట్ ట్రౌట్ చేపలు ఎలా వచ్చాయి? పసిఫిక్ పాయలో ఎదురీదుతూ వచ్చి, చీలిక దగ్గర మలుపు తిరిగి, అట్లాంటిక్ పాయలోకి దిగిపోయాయి. 1891లో ఎవర్మన్ అనే చేపల శాస్త్రజ్ఞుడు పనిగట్టుకుని వెళ్లి చూసి, దారి ఉందన్నాడు. ఖండాన్ని విడదీసే గట్టును జానెడు చేప దాటేసింది!

ఎదురీదే చేపంటే మనకు పులసే. వరదనీరు తగలగానే సముద్రం వదిలి గోదావరిలోకి ఎక్కుతుంది. ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ అడ్డం. ఆ పులస పేరు చెప్పి మా బావగారు నాకు చేసిన అన్యాయం మరిచిపోయేది కాదు. యానాం నుంచి తెప్పించానని ఐసుపెట్టె తెరిచారు, వేలల్లో ఖరీదు చెప్పారు, మట్టిదాకలో బెండకాయలు వేయించి పులుసు పెట్టించారు. ముళ్లు బాగానే ఉన్నాయి, రుచే లేదు. గోదావరి ఎక్కకముందే ఎక్కడో సముద్రంలో పట్టిన విలస! ఆ మాటంటే, మర్నాటికిగాని రుచి తేలదు, ఆగమన్నారు. ఆగాను. మర్నాడూ తిన్నాను. విలసే.