ఓడ దిగిన పిల్లాడు... సెనేటర్ అయ్యాడు!

వానలు మొహం చాటేస్తే ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లను ఊళ్లో వదిలి బస్సెక్కడం బేస్తవారిపేట చుట్టుపక్కల పల్లెలకు కొత్త కాదు. దిగినచోట కూలి దొరికితే చాలు. అక్కడ నాయకులమవుతామని ఎవరనుకుంటారు?

నార్వేలోని వోస్ ప్రాంతం నుంచి వచ్చిన ఇంగెబ్యోర్ కూడా అనుకుని ఉండదు. పెళ్లికాకుండానే తల్లయిన ఆమె 1849లో ఆరేళ్ల కొడుకును వెంటబెట్టుకుని అమెరికాలో ఓడ దిగింది. ఆ పిల్లాడే క్నూట్. మారుతండ్రి నిల్స్ పేరు మీద నెల్సన్ అయ్యాడు. షికాగో వీధుల్లో పేపర్లు అమ్మాడు. విస్కాన్సిన్‌లో పొలం పనులు చేస్తూనే చదువుకున్నాడు. అంతర్యుద్ధంలో సైనికుడిగా వెళ్లి 1863లో పోర్ట్ హడ్సన్ దగ్గర గాయపడి, శత్రువులకు చిక్కాడు. బయటపడ్డాక వకీలయ్యాడు.

1871లో మకాం మిన్నెసోటాలోని అలెగ్జాండ్రియాకు మారింది. అక్కడ అతన్ని నిలబెట్టింది భూమి. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఐదేళ్లు అక్కడే ఉండి సాగుచేస్తే 160 ఎకరాల దాకా పట్టా ఇచ్చేవారు. కట్టాల్సింది నామమాత్రపు రుసుమే. మన మెట్ట రైతుకు చెబితే 'కథలు చెప్పకు' అంటాడు! నెల్సన్ కూడా అలా భూమి సంపాదించి, ఒకపక్క కోర్టు, మరోపక్క సేద్యం నడిపాడు. చుట్టూ ఉన్న నార్వే రైతులకు తమ భాషలో మాట్లాడే మనిషి దొరికాడు. ఓట్లు వేశారు. 1883లో ప్రతినిధుల సభకు వెళ్లాడు. 1893లో మిన్నెసోటా గవర్నర్, 1895 నుంచి సెనేటర్.

అయితే ఆ పట్టాల భూములు ఎవరివి? అక్కడి ఆదివాసులవి. ఒప్పందాల పేరుతో ప్రభుత్వం తీసుకున్నవి. నెల్సన్ ఇంకో అడుగు ముందుకేశాడు. 1889లో అతని పేరుతోనే వచ్చిన చట్టం మిన్నెసోటాలోని ఒజిబ్వే తెగల ఉమ్మడి భూమిని ముక్కలు చేసి, మనిషికింత పంచి, మిగిలింది వలసదారులకు, కలప వ్యాపారులకు అమ్మే దారి తెరిచింది. నిలువనీడ లేకుండా వచ్చిన పిల్లాడే పెద్దయ్యాక మరొకరి నీడ తీసేశాడు. నల్లమల చెంచుగూడేలు చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అతని జీవితకథ చెప్పేటప్పుడు ఈ ముక్క వదిలేయడం మాత్రం అన్యాయమే.

ఎనభై ఏళ్లొచ్చినా సెనేట్ వదల్లేదు. 1923 ఏప్రిల్ 28న వాషింగ్టన్ నుంచి అలెగ్జాండ్రియాకు బయల్దేరాడు. రైలు మేరీలాండ్ దాటకముందే, దారిలోనే కన్నుమూశాడు.