బండి వెళ్ళిపోయాక కూడా కెమెరా ఆపొద్దు

ఫిబ్రవరి 9, 2025, ఆదివారం. డబ్లిన్

పెద్దాయన ఇచ్చిన పెట్టె ఇవాళ తెరిచాను. ఇక్కడి రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఐరిష్ మనిషి, మా వీధిలోనే ఉంటారు. ఆయన తమ్ముడు సూపర్ 8 కెమెరా పట్టుకుని ఐర్లండ్ అంతా తిరిగి రైళ్ళు తీసేవారట. తమ్ముడు పోయాక రీళ్ళు అటక మీదే ఉండిపోయాయి. "మా పిల్లలకు వీటితో పనిలేదు. నువ్వు రైళ్ళ వెంట తిరుగుతుంటావు కదా, తీసుకుపో" అన్నారు.

మూత తీయగానే ముందు వాసన చూశాను. అసిటేట్ ఫిల్ము పాడవడం మొదలైతే వెనిగర్ వాసన కొడుతుంది. ఆ ఆవిరి తగిలితే పక్కనున్న మంచి రీళ్ళు కూడా త్వరగా చెడతాయి. అడుగున ఉన్న డబ్బాల్లో ఆ వాసన గుప్పుమంది. వాటిని విడిగా పెట్టాను. ముందు స్కాన్ కావాల్సినవి అవే. మిగతావన్నీ కొడాక్రోమ్, ఆ రంగులు చీకట్లో ఉంచితే అంత తేలిగ్గా వెలిసిపోవు. లైటు మీద పెట్టి భూతద్దంతో చూస్తే పచ్చిక పచ్చగానే ఉంది, సిగ్నల్ చెయ్యి ఎర్రగానే ఉంది.

సూపర్ 8 రీలు 50 అడుగులు. సెకనుకు 18 ఫ్రేముల లెక్కన 3 నిమిషాల 20 సెకన్లు, అంతే. ఫిల్ము కొనాలి, కడిగించాలి, అంతా డబ్బే. అందుకే ఆ మనిషి ఇంజను ఫ్రేములోకి వచ్చాక మీట నొక్కారు, చివరి బోగీ దాటగానే వదిలేశారు. దాదాపు ప్రతి షాటూ అలాగే ఉంది. ఇవాళ చూసినంతలో ఒక్కచోట మాత్రం బండి పోయిన తర్వాత కూడా కెమెరా తిరుగుతూనే ఉంది. కూలీ ఒకతను టపా సంచుల బండిని తోసుకెళ్తున్నాడు. ప్లాట్‌ఫారం చివర ఒక కుర్రాడు గొంతుక్కూర్చుని చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు. వెళ్ళిపోయిన ఇంజను నంబరే అయి ఉంటుంది. నేను మళ్ళీ మళ్ళీ చూసింది ఆ కొన్ని సెకన్లే.

ఫిబ్రవరి 16, ఆదివారం

డబ్బాల మీద ఊరు లేదు, తేదీ లేదు. ఒకదాని మీద పెన్సిలుతో "మంచి ఎండ" అని మాత్రం ఉంది. ఇక బొమ్మనే అడగాలి.

ఇవాళ పొద్దుటి నుంచి ఒక్క రీలుతోనే కూర్చున్నాను. స్టేషన్ బోర్డు మీద హ్యూస్టన్ అని కనిపించింది. 1916 తిరుగుబాటుకు యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా, 1966లో ఇక్కడ పెద్ద స్టేషన్లకు ఆ వీరుల పేర్లు పెట్టారు. కింగ్స్‌బ్రిడ్జ్ హ్యూస్టన్ అయింది, ఏమియన్స్ స్ట్రీట్ కొనొలీ అయింది, వెస్ట్‌లాండ్ రో పియర్స్ అయింది. కాబట్టి రీలు 1966కు ముందుది కాదు. తర్వాత ఇంజను. అది ఎ క్లాసు, 1955లో బ్రిటన్ నుంచి రావడం మొదలైన మెట్రోపాలిటన్ వికర్స్ డీజిల్. వాటిలో పెట్టిన క్రాస్లీ ఇంజన్లు మొదటి నుంచీ ఇబ్బంది పెట్టాయి. 1968 నుంచి వాటిని పీకేసి అమెరికా జనరల్ మోటార్స్ ఇంజన్లు బిగించారు. అలా మార్చినవాటి నంబరు చివర ఆర్ అక్షరం చేర్చారు. ఫ్రేము ఆపి పెద్దది చేసి చూస్తే ఆ ఆర్ ఉంది! 1972లో ఏసీ బోగీల సూపర్ ట్రైన్లు వచ్చి నారింజ రంగు అంతటా పరుచుకుంది. ఆ రంగు ఈ రీల్లో ఎక్కడా లేదు. అంటే 1968కీ 1972కీ నడుమ.

కార్డు మీద అంతే రాశాను: "1968–72 మధ్య, హ్యూస్టన్." తెలిసినంత వరకే రాయాలి. ఊహించి 1970 అని రాస్తే, పదేళ్ళకు అదే నిజమై కూర్చుంటుంది.

మార్చి 8, శనివారం

కిల్లైనీ. గాలి విపరీతం. మైకుకు బొచ్చు తొడుగు వేసినా సముద్రం హోరు లోపలికి వచ్చేసింది. రానిచ్చాను. ఈ లైన్లో సముద్రం లేకుండా రైలు చప్పుడు లేదు.

ఐర్లండ్‌లో రైలు పుట్టింది ఈ ఒడ్డునే. 1834 డిసెంబరులో డబ్లిన్ నుంచి అప్పట్లో కింగ్స్‌టౌన్ అనే డన్ లీరీకి మొదటి లైను పడింది. అక్కడి నుంచి డాల్కీ దాకా 1840ల్లో ఇంజను లేని రైలు నడిపారు. పట్టాల మధ్య గొట్టం, అందులోంచి గాలి తోడేస్తే పిస్టన్ ముందుకు కదిలి బండిని లాక్కుపోయేది. పదేళ్ళే నిలిచిన ఆ ప్రయోగానికి అప్పటి చిత్రకారులు గీసిన బొమ్మలే సాక్ష్యం. కదిలే బొమ్మ పుట్టడానికి ఇంకా అర్ధ శతాబ్దం ఉంది.

కిల్లైనీ నుంచి బ్రే, అక్కడి నుంచి కొండను చుట్టి గ్రేస్టోన్స్. బ్రే కొండ దగ్గర ఇంజినీరు బ్రూనెల్ సముద్రపు అంచునే లైను వేయించాడు. సముద్రం ఊరుకోలేదు. కోత పెట్టినప్పుడల్లా పట్టాలు లోపలికి జరపాల్సి వచ్చింది. కొత్త సొరంగాలు తొలిచారు. వదిలేసిన పాత సొరంగాల నోళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి. అందరూ మలుపులో రైలు మెరిసే క్షణం కోసం కాచుకుంటారు. నేను ఇవాళ ఆ పాత సొరంగాల నోళ్ళు, రాళ్ళ కట్ట, కొండకు కట్టిన ఇనప వల వేరువేరుగా తీశాను. కోత ఆగలేదు. వచ్చే తరం ఇంజినీరుకు పనికొచ్చేది రైలు షాటు కాదు, ఆ కట్ట షాటు.

ఇకపై నా నియమం ఇదీ: బండి రాకముందు అర నిమిషం, పోయాక ఒక నిమిషం. మెమరీ కార్డుకు ఫిల్ము ఖర్చు లేదు కదా.

మార్చి 16, ఆదివారం

పెట్టెలో వీడియో 8 టేపులు కూడా ఉన్నాయి. తొంభైల నాటికి పెద్దాయన తమ్ముడు క్యామ్‌కార్డర్‌కు మారారు. ఫిల్ము కన్నా ఈ టేపుల గురించే నాకు భయం ఎక్కువ. ఫిల్ము వందేళ్ళకైనా దీపం ముందు పెడితే బొమ్మ కనిపిస్తుంది. టేపుకైతే ఆడించే మెషీను కావాలి. ఆ మెషీన్లు ఎవరూ తయారు చేయడం లేదు, బాగు చేసే చేతులూ తగ్గిపోతున్నాయి.

ఇవాళ్టి టేపులో వెల్లింగ్టన్‌బ్రిడ్జ్! వెక్స్‌ఫర్డ్ జిల్లాలో చిన్న స్టేషను. శరదృతువు వస్తే చుట్టుపక్కల రైతులు ట్రాక్టర్ల మీద చక్కెర దుంపలు తెచ్చి ఇక్కడ పోసేవారు. ఎత్తైన ఇనప తొట్ల వ్యాగన్లలో నింపుకుని బండి వాటర్‌ఫర్డ్ మీదుగా మ్యాలో చక్కెర ఫ్యాక్టరీకి పోయేది. దారిలో బారో నది మీద 1906లో కట్టిన వంతెన, దాదాపు 650 మీటర్లు. ఓడలు పోవడానికి ఒక భాగం పక్కకు తిరుగుతుంది. టేపులో ఒక మనిషి బురద బూట్లతో వ్యాగన్ అంచు మీద నిలబడి కింద పడ్డ దుంపల్ని కాలితో లోపలికి నెడుతున్నాడు. దుంప ఇనుము మీద పడే దబదబ చప్పుడు ఇంకా స్పష్టంగా ఉంది.

యూరోపియన్ యూనియన్ చక్కెర విధానం మారింది. 2005లో కార్లో ఫ్యాక్టరీ, 2006లో మ్యాలో ఫ్యాక్టరీ మూతపడ్డాయి. దుంపల బండి ఆగింది. ఆ బండే లేకపోయాక లైనుకు ఊపిరి ఎక్కడిది? 2010 సెప్టెంబరు 18న వాటర్‌ఫర్డ్, రాస్‌లేర్ మధ్య చివరి ప్రయాణికుల రైలు నడిచింది. చివరి రోజు కెమెరాలకు కొదవ ఉండదు. ఏ లైను మూసినా అంతే. కానీ మామూలు మంగళవారం నాడు, వాన పడుతుంటే, దుంపలు నింపే మనిషిని తీసినవాళ్ళెందరు? ఈయన తీశారు. అందుకే ఈ టేపు విలువ.

కాపీ చేసేటప్పుడు బొమ్మను అస్సలు దిద్దలేదు. పాల్ వీడియోలో సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో సరి గీతలు, బేసి గీతలు వేరువేరు క్షణాలవి. కంప్యూటరులో అంచులు దంతాల్లా కనిపిస్తున్నాయని చాలామంది ఆ రెంటినీ కలిపేసి అసలుది చెరిపేస్తారు. నునుపు చేసిన కాపీ చూడ్డానికి ఉంచుకోవచ్చు, అసలుది మాత్రం ఎలా వచ్చిందో అలాగే దాచాలి.

ఏప్రిల్ 8, మంగళవారం

ఆఫీసు నుంచి నేరుగా హ్యూస్టన్. కార్క్ వెళ్ళే బండికి 201 క్లాసు ఇంజను తగిలించి ఉంది. కెనడాలో తయారై 1994లో మొదలుపెట్టి వచ్చినవి. ఆ వరసలో మొదటిదాన్ని ఆంటొనోవ్ విమానంలో ఎక్కించి తెచ్చారు! పన్నెండు సిలిండర్ల 710 ఇంజను. మన దగ్గర గూడ్సులు లాగే డబ్ల్యూడీజీ4లోనూ అదే జాతి ఇంజను, పదహారు సిలిండర్లతో. కళ్ళు మూసుకుని వింటే కాజీపేట ప్లాట్‌ఫారం మీద నిలబడ్డట్టే ఉంటుంది. పట్టాల వెడల్పు మాత్రం వేరు: ఇక్కడ 5 అడుగుల 3 అంగుళాలు, మనది 5 అడుగుల 6 అంగుళాలు.

ఐరిష్ రైల్వే రికార్డ్ సొసైటీ 1946లో మొదలైంది, వాళ్ళ గ్రంథాలయం ఈ స్టేషన్ ఆవరణలోనే. పాత టైమ్‌టేబుళ్ళు లేకపోతే నా కార్డులు సగం ఖాళీగా ఉండేవి. నీడ ఏ వైపు పడిందో చూసి వేళ అంచనా కట్టి, ఆ వేళకు ఆ స్టేషనుకు వచ్చే బండి ఏదో టైమ్‌టేబుల్లో వెతుకుతాను. జేమ్స్ ఒడే అనే ఆయన 1937 నుంచి 1966 దాకా ఐర్లండ్ రైళ్ళను ఫొటోలు తీశారు. అవి ఇప్పుడు నేషనల్ లైబ్రరీలో ఉన్నాయి. ఇంజన్లతోపాటు సిగ్నల్ క్యాబిన్లు, పోర్టర్లు, గేట్లు, నిర్మానుష్యమైన హాల్టులు కూడా తీశారాయన. ఏది మిగలాలో ఆయనకు తెలుసు.

అంతకు ముందు, 1897లోనే లూమియేర్ కంపెనీ కెమెరామన్ ప్రోమియో ఇక్కడికి వచ్చి, నడుస్తున్న రైల్లోంచి డబ్లిన్ పరిసరాలను తీశాడు. ఐర్లండ్‌లో సినిమా మొదలైన రోజుల్లోనే కెమెరా రైలెక్కింది.

మే 4, ఆదివారం

స్కాన్ చేసిన రీళ్ళలో టోకెన్ మార్చుకునే షాటు ఒకటి దొరికింది. ఎక్కడిదో తేలలేదు. సింగిల్ లైను, గడ్డి పెరిగిన ప్లాట్‌ఫారం. సిగ్నల్‌మన్ వలయం ఎత్తి పట్టుకుంటే, బండి ఆగకుండానే డ్రైవరు తన చేతిలోది వదిలి అది అందుకుపోయాడు. ఆ వలయానికి ఉన్న టోకెన్ కడ్డీ చేతిలో ఉంటేనే ముందు సెక్షన్లోకి వెళ్ళే హక్కు.

వీడియో కాల్లో నాన్నకు చూపించాను. నడికుడి వైపు సింగిల్ లైను స్టేషన్లలో మాస్టరుగా చేసిన మనిషి. అక్కడైతే టోకెన్ బంతిని తోలు సంచిలో పెట్టి బెత్తం వలయానికి కట్టేవారు. ఒకసారి చూసి, "మళ్ళీ పెట్టరా" అన్నారు. రెండోసారి అయ్యాక అన్నారు: "వలయం సంగతి వదిలెయ్. బండి దాటాక అతను ఎటు చూస్తున్నాడో చూడు. చివరి బోగీ వెనక దీపం చూస్తున్నాడు. అది కనిపిస్తేనే బండి మొత్తం వచ్చిందని లెక్క. మధ్యలో తెగి కొన్ని బోగీలు వెనక ఉండిపోతే? అది చూడకుండా లైన్ క్లియర్ ఇచ్చాడంటే వాడు మాస్టరే కాదు."

నిజమే. అతని మెడ బండి తోకతోపాటు మెల్లగా తిరిగింది, తర్వాతే క్యాబిన్ మెట్లెక్కాడు. బండి దాటగానే కెమెరా ఆపి ఉంటే అతని పనిలో ముఖ్యమైన సగం పోయేది. కార్డు మీద నాన్న పేరుతో ఆ మాట రాశాను.

లిమరిక్ జంక్షన్ నుంచి టిప్పరరీ, కాహిర్, క్లాన్‌మెల్ మీదుగా వాటర్‌ఫర్డ్ వెళ్ళే లైన్లో ఇప్పుడు రోజుకు ఒక్కో వైపు రెండే రైళ్ళు, ఆదివారం అసలు లేవు. వచ్చే శనివారం అక్కడికే.

జూన్ 1, ఆదివారం

డిస్కు సర్దాను. ప్రతి ఫైలు పేరులో సంవత్సరం, స్టేషను, ఇంజను, తీసినవాళ్ళెవరు. పక్కనే ఒక టెక్స్ట్ ఫైలు: ఏ ఆధారంతో ఆ తేదీ అనుకున్నానో, ఏది ఖాయమో, ఏది అనుమానమో. మూడు కాపీలు, ఒకటి వేరే ఇంట్లో. పెద్దాయనకు పెన్‌డ్రైవులో ఇచ్చాను. తమ్ముడి నీడ ఒక షాట్లో ప్లాట్‌ఫారం మీద పడింది, కెమెరాతో సహా. ఆయన అక్కడే ఆపి చాలాసేపు చూశారు.

ఇక నా వంతు డార్ట్. 1984 జూలైలో ఈ కరెంటు రైలు మొదలైనప్పుడు జర్మనీ నుంచి వచ్చిన బండ్లే ఇంకా తిరుగుతున్నాయి. వాటి స్థానంలోకి ఆల్స్టమ్ కొత్త రైళ్ళు వస్తున్నాయి. రోజూ ఎక్కే బండి కాబట్టి ఎవరూ కెమెరా తీయరు. తలుపు మూసే ముందు మోగే గంట, సీట్ల గుడ్డ, కిటికీలోంచి కనిపించే సముద్రం, నిద్రపోతున్న నైట్ డ్యూటీ నర్సు: ఇవి ఈ ఏడాదే తీయాలి.

ఈ డిస్కు నా తర్వాత ఎవరి చేతికి వస్తుందో, వాళ్ళకు ఒక్క మాట. ఫైళ్ళ పేర్లు మార్చకండి, టెక్స్ట్ ఫైళ్ళు విడదీయకండి, అడిగినవాళ్ళకు కాపీ ఇవ్వండి. మీకు ఏదైనా స్టేషను గుర్తుపట్టడం తెలిస్తే, మీ పేరుతో కింద రాయండి.