పాట పుట్టిన పల్లెకు పిల్లలతో

కడప నుంచి తిరుపతి వైపు వెళ్ళే రహదారిలో రాజంపేట సుమారు 50 కిలోమీటర్ల దూరం. ఎర్రచందనం పెరిగే కొండల వరుసలు దారి పొడవునా తోడు వస్తాయి. నేల ఎర్రగా, పొడిగా ఉంటుంది. బోరు నీళ్ళు అందిన చోట మాత్రం అరటి, మామిడి తోటలు పచ్చగా కనిపిస్తాయి. రాజంపేటకు సమీపంలో, ప్రధాన రహదారి నుంచి కాస్త లోపలికి ఉన్న చిన్న పల్లె తాళ్ళపాక. తెలుగులో తొలి వాగ్గేయకారుడిగా పేరొందిన అన్నమాచార్యులు 1408లో పుట్టిన ఊరు అది. మాటనూ బాణీనీ తానే కూర్చుకున్న ఆయన 1503లో కన్నుమూసేదాకా పాడుతూనే ఉన్నారు. ఆయన మొత్తం 32 వేల సంకీర్తనలు రచించారని చెబుతారు. నేడు మనకు దక్కినవి అందులో సగం కూడా లేవు.

ముస్లిం కుటుంబం పిల్లలను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళడం ఎందుకని పాఠకులకు సందేహం రావచ్చు. మా ఇంట్లోనూ ఆ ప్రశ్న వచ్చింది. దానికి కారణం మా పెద్దమ్మాయి. “మీది ఉర్దూ కదా, తెలుగు పద్యాలు మీకెందుకు?” అని తోటి విద్యార్థిని ఒకరు అన్న మాటకు ఆమె చాలా రోజులు ముభావంగా ఉండిపోయింది. ఆ మాట అన్నది పసిపిల్లే, అందులో ద్వేషమేమీ లేదు. అయినా జవాబు తెలియని ప్రశ్న పిల్లల మనసులో ముల్లులా దిగబడుతుంది. ఇంటికి వచ్చి, “అబ్బా, తెలుగు మనది కాదా?” అని అడిగింది.

నోటిమాటగా జవాబు చెప్పడం కంటే కళ్ళకు చూపించడం మేలనుకున్నాము. పెద్దల్లో ఒకరు, “అది వైష్ణవ భక్తుని ఊరు, అక్కడ మనకేం పని?” అన్నారు. ఆ సందేహాన్ని తేలికగా తీసుకోలేదు. బయలుదేరే ముందు రాత్రి పిల్లలను కూర్చోబెట్టి స్పష్టంగా చెప్పాము. ఆరాధన అల్లాహ్‌కు మాత్రమే, అందులో రాజీ లేదు. అయితే పొరుగువారి ఊరిని మర్యాదతో చూడడం, మన భాష ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడం ఆరాధన కాదు. మనుషుల భాషలు వేరువేరుగా ఉండడం కూడా తన సూచనల్లో ఒకటేనని సూరహ్ రూమ్ 22వ ఆయతులో అల్లాహ్ తెలియజేశాడు. ఆ సూచనల్లో అరబీ, ఉర్దూలతో పాటు తెలుగు కూడా ఉంది.

దారిలో ఒంటిమిట్ట దగ్గర కాసేపు ఆగాము. అక్కడి కోదండరామాలయం విజయనగర శిల్పానికి పేరు పొందినది. ఆ ఆవరణలో ఇమాం బేగ్ బావి అని పిలిచే బావి ఒకటి ఉంది. కడప నవాబుల కాలపు అధికారి ఇమాం బేగ్ దానిని తవ్వించాడని స్థానికులు చెబుతారు. కరువు సీమలో బావి తవ్వించడం ఎంత పెద్ద దానమో మన పెద్దలకు చెప్పనక్కరలేదు. “గుడి దగ్గర మనవాళ్ళ పేరా!” అని మా చిన్నవాడు ఆశ్చర్యపోయాడు. దాహానికి మతం లేదని వాడికి చెప్పాము.

రాజంపేట దగ్గర రహదారి పక్కన 108 అడుగుల అన్నమయ్య విగ్రహం నిలబడి ఉంటుంది. రాజంపేట మసీదులో జుహర్ నమాజ్ చేసుకుని తాళ్ళపాకకు చేరాము. చెన్నకేశవాలయం, అన్నమయ్య పేరిట నిలిపిన మందిరం, కొన్ని వీధులు, చుట్టూ పొలాలు. ఒక ఇంటి అరుగు మీద కూర్చున్న అవ్వ మమ్మల్ని పలకరించింది.

“యాడ నుంచి వచ్చినారు నాయనా?”

“కడప నుంచి అవ్వా.”

“ఎండన పడి వచ్చినారే. ముందు పిల్లోల్లకు మంచినీళ్ళు తాపండి” అంటూ లోపలి నుంచి చెంబు తెచ్చింది. పిల్లల పేర్లు అడిగి చెప్పించుకుంది. తరువాత మా అమ్మాయి వైపు తిరిగి, “నిన్ను నిద్రపుచ్చేటప్పుడు మీ ఇంట్లో ఏం పాట పాడినారమ్మా?” అంది. చందమామను పిలిచి బువ్వ తినిపించే ఆ పాటను తన జేజి పాడేదని పిల్ల చెప్పింది. “అది ఈ ఊరి పాటే గదా!” అని అవ్వ నవ్వింది. మా అమ్మాయి మా వైపు చూసింది. ఏ తరంలోనో ఈ పల్లె పాట మా జేజి గొంతులోకి చేరింది. తెలుగు ఎవరిదన్న ప్రశ్నకు జవాబు అక్కడే దొరికింది.

అన్నమయ్య పాట రాజాస్థానంలో పుట్టినది కాదు. గడ్డి కోస్తుండగా కొడవలితో వేలు తెగిందని, ఆ నొప్పితోనే ఇల్లు విడిచి తిరుమల దారి పట్టాడని ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో రాసిన జీవిత చరిత్రలో ఉంది. దంచేవారి సువ్వి పాటలు, ఉయ్యాల పాటలు, జోలలు, గొబ్బి పాటలు ఇవన్నీ ఆయన రచనలకు అచ్చులయ్యాయి. మేడలో పడుకున్నవాడికీ, వాకిట కాపలా కాసేవాడికీ పట్టే నిద్ర ఒక్కటేనన్న భావం ఆయన పాడినదే. వాద్యాల విషయంలో మన ధర్మవేత్తల అభిప్రాయాలు పాఠకులకు తెలిసినవే. మేము వెళ్ళింది కచేరీకి కాదు, మాట కోసం.

పిల్లలను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది మరొక కథ. దైవం మీద పాడినట్టే తన మీద కూడా ఒక పాట కట్టమని సాళువ నరసింహరాయలు కోరగా అన్నమయ్య నిరాకరించాడని, అందుకు ఆయనకు సంకెళ్ళు వేయించారని ఆ చరిత్ర చెబుతుంది. అది విన్న మా అమ్మాయికి ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) గుర్తుకొచ్చారు. ఖలీఫా మన్సూర్ ఇవ్వజూపిన న్యాయమూర్తి పదవిని కాదని ఆయన చెరసాలకు వెళ్ళిన సంగతి ఆమె చదివింది. వారి విశ్వాసాలు వేరు. కానీ పాలకుని మెప్పు కోసం నాలుకను అమ్ముకోకపోవడంలోని గౌరవం పిల్లలకు అర్థమైంది.

అన్నమయ్య భార్య తిమ్మక్కను తెలుగులో తొలి కవయిత్రిగా చెబుతారు. ఆమె ‘సుభద్రా కల్యాణం’ రాసింది. అన్నమయ్య వారసులు ఆయన పాటలను రాగిరేకులపై చెక్కించి తిరుమలలో భద్రపరిచారు. శతాబ్దాలు మరుగున పడిన ఆ రేకులు గత శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితుల శ్రమతో మళ్ళీ వెలుగు చూశాయి. ఇంట్లోవాళ్ళు దాచకపోతే, తరువాతివాళ్ళు చదవకపోతే ఏ భాషా మిగలదు.

తిరుగు ప్రయాణంలో చెయ్యేరు ఒడ్డున ఆగాము. కనుచూపు మేర ఇసుకే. 2021 నవంబరు 19న ఇదే ఏరు పొంగి, అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయింది. పులపత్తూరు, మందపల్లి వంటి పల్లెలు వరదలో మునిగాయి, ఎందరో ప్రాణాలు కోల్పోయారు. ఎండి కనిపించే ఏరు అంత కోపగించగలదంటే పిల్లలు నమ్మలేకపోయారు. మృతుల కుటుంబాల కోసం అక్కడే దుఆ చేశాము.

ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వర విద్వాంసునిగా 1998లో సంగీత కళానిధి బిరుదు పొందిన సంగతి కారులో చెప్పుకున్నాము. ఉమర్ అలీషా తెలుగు కావ్యాల గురించీ చెప్పుకున్నాము. ఈ భాషలో మనవాళ్ళు అతిథులు కారు, ఇంటివారే.

తాళ్ళపాకకు వెళ్ళదలచినవారు చలికాలం ఎంచుకోవడం మంచిది. తాగునీరు, పిల్లలకు తినుబండారాలు వెంట ఉంచుకోవాలి. పూజలు జరిగే చోట పక్కకు నిలబడి, నెమ్మదిగా మాట్లాడాలి. అన్నిటికంటే ముఖ్యంగా, బయలుదేరే ముందు మీ ఇంటి జేజినో నానీనో ఒక జోలపాట పాడమని అడగండి. పిల్లలు ఆ పాటతో ఆ ఊరు చేరితే, దారి చూపేవారు వేరే అక్కరలేదు.